గట్టిదనం మీద మోజు

గుళిక ఎంత గట్టిగా ఉంటే దాణా అంత మంచిదని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. ఆ నమ్మకంతోనే దాణా మిషన్ నడిపాను, ఆ గుళికలనే సంచులకెత్తి జనగామ నుంచి మహబూబాబాద్‌కూ భూపాలపల్లికీ పంపాను. దాని ఫలితం నేను అనుభవించలేదు. పాలు మరిచే వయసులో ఉన్న పంది పిల్లలు అనుభవించాయి, వాటి మీద బతికే ఇళ్ళు అనుభవించాయి. నా తెలివితక్కువతనాన్ని ఇప్పుడు దాచుకుని ప్రయోజనం లేదు. గుళిక ఎందుకు గట్టిపడిందో, నేను ఏ పని చేసి దాన్ని గట్టిపరిచానో వరసగా చెబితే, రేపు ఈ పనిలోకి దిగేవాళ్ళకైనా అక్కరకొస్తుంది.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరువేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు విడిపోయినా ఇక్కడి పందుల పెంపకం కథ ఒక్కటే. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా ఊరి చివర నల్ల దేశీ పందుల్ని సాకుతూ వచ్చాయి. ఆ పందులు ఊరంతా తిరిగి దొరికింది తిని పెరిగేవి. వాటికి గుళికల దాణా అవసరమే రాలేదు. లార్జ్ వైట్ యార్క్‌షైర్ రక్తం కలిసిన సంకర పందులు వచ్చాక లెక్క మారింది. తిరుపతి వెటర్నరీ విశ్వవిద్యాలయం దేశీ పందినీ యార్క్‌షైర్‌నూ కలిపి టీ-17 రకాన్ని తయారుచేసింది. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద పందుల షెడ్లకు 50 శాతం రాయితీ ఇస్తున్నారు. ఆ ఆశతో కొత్తవాళ్ళు కూడా షెడ్లు వేశారు.

సంకర పంది దేశీ పంది కన్నా ఈతకు ఎక్కువ పిల్లల్ని పెడుతుంది. ఈనిన మూడు నాలుగు వారాల దాకా తల్లి పాలు పెరిగి, అక్కడి నుంచి తగ్గుముఖం పడతాయి. పిల్లల ఆకలి మాత్రం రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది. ఆ తేడాను పూడ్చడానికే రెండో వారం నుంచి పిల్లలకు విడిగా దాణా అలవాటు చేస్తారు. అందులో మాంసకృత్తులు 20 శాతానికి తగ్గకూడదు. మన దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్లల్ని తల్లి నుంచి వేరుచేస్తారు. ఆలోగా పిల్ల దాణా తినడం నేర్చుకుంటే వేరుచేసిన తర్వాత కుంగిపోదు, నేర్చుకోకపోతే ఒక్కసారిగా చిక్కిపోతుంది. నా గుళికలు అడ్డుపడింది సరిగ్గా ఈ దశలోనే.

సరుకుకు మా ప్రాంతంలో కొదవ లేదు. మక్కలు ఇక్కడివే. వడ్ల మిల్లుల దగ్గర నూకలు, తౌడు దొరుకుతాయి. సోయా చెక్క, ఎండు చేపల పొడి, ఉప్పు, మినరల్ మిక్చర్, పిల్లల దాణాకైతే పాలపొడి బయటి నుంచి తెప్పించుకుంటే చాలు. పొడి దాణా వేస్తే పందులు తమకు నచ్చింది ఏరుకుని మిగతాది కాళ్ళ కింద తొక్కేస్తాయి. గుళిక చేస్తే ప్రతి ముద్దలో అన్నీ ఉంటాయి, దుమ్ము లేవదు, వృథా తగ్గుతుంది. అందుకని చిన్న ఫ్లాట్ డై మిషన్ కొన్నాను. మురుకుల గొట్టం పనిచేసే తీరే దానిది కూడా. మందపాటి ఇనుప పళ్ళెం నిండా రంధ్రాలుంటాయి, పైన రోలర్లు తిరుగుతూ పిండిని ఆ రంధ్రాల్లోంచి కిందికి నొక్కుతాయి, కింద కత్తి ముక్కలుగా కోస్తుంది. ఆ పళ్ళేన్నే డై అంటారు. నా కథలో సగం ఆ డై దగ్గరే ఉంది.

మొదట్లో వచ్చిన ఫిర్యాదు పొడి గురించి. జనగామలో ఎక్కించిన సంచులు పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ చేరేసరికి, హనుమకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి అడుగున గుళికలు నలిగి పిండైపోయేవి. దుకాణదారు సంచి విప్పి చూపించి, “అన్నా, పిండికి గుళికల రేటు ఎవలిస్తరు?” అన్నాడు. న్యాయమైన మాటే. గుళిక నిలవడం లేదు కాబట్టి దాన్ని నిలిచేలా చేయాలి. నేను మాత్రం దాన్ని “గట్టిగా చేయాలి” అని అర్థం చేసుకున్నాను. రెండూ ఒకటే అనుకున్నాను. నా తప్పులన్నిటికీ తల్లివేరు అదే.

ముందు మక్కల్ని మరింత మెత్తగా ఆడించాను. గుళికలో పెద్ద నూక ఉంటే దాని అంచు దగ్గరే పగులు మొదలవుతుంది. మెత్తటి పిండి రేణువులు ఒకదానికొకటి దగ్గరగా పేరుకుని గట్టిగా పట్టుకుంటాయి. అంతవరకు లెక్క సరైనదే. కానీ మరీ మెత్తగా ఆడించిన దాణా పంది కడుపులో పుండ్లకు దారితీస్తుందని పశుపోషణ శాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. పందుల దాణాకు పిండి రేణువు 600, 700 మైక్రాన్ల దగ్గర ఉంటే మేలంటారు. నేను జల్లెడ మారుస్తున్నప్పుడు గుళికనే చూశాను, కడుపు నా ఆలోచనలోకి రాలేదు.

తర్వాత తౌడు మార్చాను. మిల్లు నుంచి వచ్చిన పచ్చి తౌడులో 15 శాతం దాకా నూనె ఉంటుంది. ఆ నూనె డై రంధ్రాల్లో జారుడు కలిగిస్తుంది, పిండి తేలిగ్గా జారిపోతుంది, ఒత్తిడి తగ్గుతుంది, గుళిక మెత్తబడుతుంది. నూనె తీసిన తౌడులో మిగిలేది ఒక శాతం అటూ ఇటూ. పచ్చి తౌడు త్వరగా ముక్కిపోతుందని, నూనె తీసినది నిల్వ ఉంటుందని పూర్తిగా దానికే మారాను. జారుడు పోయింది, రంధ్రాల్లో రాపిడి పెరిగింది, గుళిక బిగిసింది. పెరిగే పిల్లకు శక్తినిచ్చే కొవ్వు కూడా అదే దెబ్బతో పోయింది. దాని బదులు మరేదీ కలపలేదు.

ఆపైన బెల్లం మడ్డి, బెంటోనైట్ మట్టి కలిపాను. రెండూ పిండిని అతికించే బైండర్లే, తగు మోతాదులో తప్పు లేదు. చివరగా ఎండ. మిషన్ లోంచి వచ్చిన గుళిక వేడిగా, తేమగా ఉంటుంది. తేమ 12 శాతం లోపు దిగకపోతే బూజు పడుతుంది, మక్కల దాణాలో బూజంటే అఫ్లాటాక్సిన్ భయం. అందుకని ఆరబెట్టాల్సిందే. పెద్ద మిల్లుల్లో కూలర్‌లో గాలి పంపి నిదానంగా చల్లారుస్తారు. నేను మే నెల ఎండలో సిమెంటు కళ్ళం మీద పరిచి సాయంత్రం దాకా వదిలేసేవాణ్ణి. తేమ కావలసిన దాని కంటే చాలా కిందికి దిగిపోయేది, గుళిక ఎండి బిర్రబిగుసుకునేది. బూజు పట్టదని నేను సంతోషించాను.

వీటన్నిటికన్నా పెద్ద పొరపాటు డై మార్చడం. నా పాత డై మందం 25 మి.మీ., రంధ్రం 4 మి.మీ. చిన్న పిల్లల నోరు చిన్నది కదా, గుళిక కూడా సన్నగా ఉండాలని 2.5 మి.మీ. రంధ్రాల డై తెప్పించాను. మందం మాత్రం అదే 25 మి.మీ. పైకి ఎంతో బుద్ధిగా ఆలోచించినట్టే ఉంది. కానీ గుళిక మీద పడే ఒత్తిడిని నిర్ణయించేది రంధ్రం వెడల్పు ఒక్కటే కాదు, మందాన్ని వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. పాత డైలో అది ఆరుకు కాస్త పైన ఉండేది. కొత్త దానిలో పది అయింది. అదే పిండి, సన్నటి దారిలో అంతే దూరం ఒరుసుకుంటూ ప్రయాణించాలి. రాపిడి పెరిగింది, వేడి పెరిగింది, మోటారు మూలిగింది, గుళిక నిగనిగలాడుతూ బయటికొచ్చింది. చిన్న నోళ్ళ కోసమని చేసిన మార్పే ఆ నోళ్ళకు కొరకరాని దాణా తయారుచేసింది.

సన్న గుళికే పిల్లలకు ఇష్టమన్నది కూడా నేను ఎవర్నీ అడగకుండా అనుకున్నదే. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ప్రచురించిన పరిశోధనలో, పాలు తాగే పిల్లలు 2 మి.మీ. సన్న గుళికల కన్నా దానికి ఎన్నో రెట్లు లావున్న గుళికలనే ఎక్కువ తిన్నాయి. లావు గుళికను పిల్ల నోటితో పట్టుకుని, నమిలి, ముక్క చేసుకోగలదు. అలా ఆడుకుంటూ తినడం దాని స్వభావం. పంది పిల్ల ఎనిమిది సూది పళ్ళతో పుడుతుంది. నమిలే పళ్ళు తర్వాతి వారాల్లో ఒక్కొక్కటిగా మొలుస్తాయి. పళ్ళు మొలుస్తున్న చిగుళ్ళకు నేను అందించింది గోటికి లొంగని గుళిక.

గోటికి లొంగకపోవడమే అప్పట్లో నాకు పరీక్ష. వచ్చినవాళ్ళ చేతిలో గుళిక పెట్టి “నొక్కి చూడండి” అనేవాణ్ణి. వాళ్ళు బొటనవేలి గోరుతో నొక్కేవాళ్ళు, విరిగేది కాదు, తలూపేవాళ్ళు. సంచి అడుగున పొడి ఆగిపోయింది. దుకాణదారు సంతోషించాడు. రేటు కూడా కొంచెం పెంచాను. తినే పిల్ల దగ్గర నిలబడి ఒక్కసారి కూడా చూడలేదు.

మహబూబాబాద్ వైపు ఒక ఊళ్ళో నా దాణా వాడుతున్న ఎరుకల అవ్వ ఉండేది. పాత బాకీ కోసం ఆమె ఇంటికి వెళ్ళాను. పందుల దొడ్డి పక్కన సత్తు గిన్నెలో నా గుళికలు నీళ్ళలో నానుతున్నాయి. పైన నురగ కట్టి పులిసిన వాసన వస్తోంది. నాకు మండింది. “అవ్వా, నానబోసేటట్టయితే గుళికలెందుకు, పిండే కొనుక్కోవచ్చు గదా?” అన్నాను. ఆమె కోపగించుకోలేదు. “తింటలేవు బిడ్డా. నోట్లె వెట్టుకుంటున్నయి, వదిలేస్తున్నయి. నానితెనే జరంత తింటున్నయి. ఎండకాలం పొద్దుగూకక ముందే పులుస్తాంది, పారబోస్తున్న” అంది. చెప్పడమే కాదు, గుప్పెడు పొడి గుళికలు నేల మీద వేసి చూపించింది. నాలుగైదు పిల్లలు పరుగెత్తుకొచ్చాయి. ఒకటి మూతితో గుళికను దొర్లించింది. ఇంకొకటి నోట్లోకి తీసుకుని, తల పక్కకు వంచి, దవడ కదిలించి, జార్చేసింది. మళ్ళీ తీసుకుంది, మళ్ళీ జార్చింది. తర్వాత అన్నీ తల్లి వైపు వెళ్ళిపోయాయి. వెన్నెముక తేలి, బొచ్చు పైకి లేచి ఉన్న పిల్లలవి. వయసుకు ఉండాల్సిన బరువు లేదని కంటికే తెలుస్తోంది.

ఇంత స్పష్టంగా చూశాక కూడా నేను నేర్చుకోలేదు. “మొదట అట్లనే ఉంటయి, అలవాటైతే తింటయి” అని చెప్పి వచ్చేశాను. దొడ్డిలో నీళ్ళ తొట్టి దూరంగా ఉందని, శుభ్రత లేదని, పిల్లలకు ఏదో జబ్బు ఉండుంటుందని దారి పొడవునా కారణాలు వెతుక్కున్నాను. నీళ్ళ సంగతి కొంతవరకు నిజమే. పొడి దాణా తినే పిల్లకు పక్కనే నీళ్ళుండాలి, లేకపోతే తిండి తగ్గిస్తుంది. కానీ ఆ నిజాన్ని నా గుళికను కాపాడుకోవడానికి వాడుకున్నాను.

భూపాలపల్లి నుంచి కూడా అదే కబురు వచ్చింది. సింగరేణి కాలనీల వైపు హోటళ్ళ నుంచి మిగిలిన అన్నం తెచ్చి ఉడకబెట్టి పందులకు పోసే ఒకాయన, పిల్లలకు మాత్రం నా దాణా తీసుకునేవాడు. ఆయన గుళికల సంచిని పిండి గిర్నికి మోసుకెళ్ళి మళ్ళీ ఆడించుకుంటున్నాడని దుకాణదారు ఫోన్‌లో చెప్పాడు. నేను కరెంటు ఖర్చు పెట్టి గుళిక చేస్తున్నాను, ఆయన డబ్బు పెట్టి కొని, ఇంకో ఖర్చు పెట్టి దాన్ని మళ్ళీ పిండి చేసుకుంటున్నాడు. ఆ మాట విన్నాక కూడా నాకు తోచింది ఒక్కటే: ఆయన పిల్లలకు మెత్తటి అన్నం అలవాటైంది, తప్పు వాటిది.

నేర్చుకోవడానికి దారులు దూరంగా లేవు. వరంగల్–ఖమ్మం రోడ్డు మీద మామునూరులో వెటర్నరీ కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రమూ ఉంది. మహబూబాబాద్ జిల్లా మల్యాలలో మరో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నేను వాటిని దాటుకుంటూ తిరిగాను తప్ప ఎక్కడా దిగి అడగలేదు. చివరికి నా కళ్ళు తెరిపించింది ఒక పశువైద్యాధికారి, అదీ వేరే పని మీద కలిసినప్పుడు. గుళిక తీసి ఎప్పటిలాగే ఆయన చేతిలో పెట్టాను. ఆయన గోటితో నొక్కలేదు. “ఇది గట్టిదని చూపిస్తున్నవు. నిలిచేదని ఎట్ల చెప్తవు?” అని అడిగాడు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

గట్టిదనం వేరు, నిలకడ వేరు. గట్టిదనం అంటే గుళికను నలపడానికి ఎంత బరువు కావాలన్నది. దాన్ని కొలవడానికి స్ప్రింగు పరికరాలున్నాయి. నిలకడ అంటే సంచిలో, లారీలో, తొట్టిలో ఒరుసుకున్నా పొడి కాకుండా ఉండటం. దానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఫాస్ట్ అనే శాస్త్రవేత్త తిరిగే డబ్బా పరీక్ష రూపొందించాడు. 500 గ్రాముల గుళికల్ని డబ్బాలో వేసి నిమిషానికి 50 చుట్ల చొప్పున 10 నిమిషాలు తిప్పి, జల్లించి, నిలిచిన గుళికలు ఎంత శాతమో చూస్తారు. గోటికి లొంగని గుళిక కూడా పెళుసైతే ఈ డబ్బాలో అంచులు రాలి పొడి అవుతుంది. గోటికి లొంగే గుళిక కూడా లోపల బాగా అతుక్కుని ఉంటే చెక్కుచెదరదు. దుకాణదారు నన్ను అడిగింది నిలకడ. నేను ఇచ్చింది గట్టిదనం.

ఆ రెండూ ఎక్కడ విడిపోతాయో తెలుసుకుంటే నా పనిలోని లోపమంతా బయటపడింది. దాణా పరిశ్రమలో ఒక స్థూల లెక్క ఉంది. గుళిక నాణ్యతలో 40 శాతం మనం కలిపే సరుకుది, 20 శాతం పిండి మెత్తదనానిది, 20 శాతం ఆవిరి పట్టడానిది, 15 శాతం డైది, చివరి 5 శాతం చల్లార్చడానిది. పెద్ద మిల్లుల్లో పిండి డైలోకి వెళ్ళకముందే ఆవిరి పట్టి మామూలు దాణాకు 75 నుంచి 85 డిగ్రీల వేడి తెస్తారు. ఆ వేడికీ తేమకూ మక్కల్లోని పిండిపదార్థం ఉడికి జిగురెక్కుతుంది, మాంసకృత్తులు మెత్తబడతాయి. తర్వాత డై కొంచెం నొక్కితే చాలు, గుళిక అతుక్కుంటుంది. నా మిషన్‌కు ఆవిరి లేదు. చన్నీళ్ళు చల్లి నేరుగా డైకి పంపేవాణ్ణి. ఉడికించి అతికించాల్సినదాన్ని నేను నొక్కి అతికించాను. అందుకే నిలకడ కోసం ప్రతిసారీ గట్టిదనాన్నే పెంచుకుంటూ పోయాను.

పాలపొడి కలిపిన పిల్లల దాణాకు ఇంకో మెలిక ఉంది. పాలలోని చక్కెర, బెల్లం వేడికి కరిగి, చల్లారాక బిగుసుకుంటాయి. వేడి మరీ ఎక్కువైతే లైసిన్ అనే ముఖ్యమైన ఆమినో ఆమ్లం చక్కెరతో ముడిపడి పిల్ల ఒంటికి పట్టకుండా పోతుంది. అందుకే అలాంటి దాణాకు ఆవిరి వేడి బాగా తగ్గిస్తారు, డైలో రాపిడి కూడా తక్కువ ఉండేలా చూస్తారు. నేను ఖరీదైన పాలపొడి కొని, సన్నటి డైలో రాపిడికి గురిచేసి, దాని విలువను నా చేతులతో నేనే తగ్గించాను.

ఇప్పుడు పిల్లల దాణాకు పాత 4 మి.మీ. డైనే వాడుతున్నాను. నూనె తీసిన తౌడులో కొంత భాగం తీసేసి, మిల్లు నుంచి వచ్చిన రోజే తాజా పచ్చి తౌడు కలుపుతున్నాను. కొవ్వు ఎక్కువైనా గుళిక విడిపోతుంది కాబట్టి కొలత తప్పను. మక్క పిండిని వేణ్ణీళ్ళతో తడిపి, మూతపెట్టి మగ్గనిచ్చాకే మిషన్‌కు పోస్తాను. ఆవిరికి అది సాటి రాకపోయినా పిండి పట్టు పెరిగింది. ఆరబెట్టేది ఎండలో కాదు, నీడలో ఫ్యాను గాలికి, పల్చగా పరిచి. ప్రతి విడత నుంచి గుప్పెడు గుళికలు డబ్బాలో వేసి ఊపి జల్లిస్తాను, ఇంకో గుప్పెడు నీళ్ళలో వేసి కొద్ది నిమిషాల్లో విచ్చుకుంటున్నాయో లేదో చూస్తాను. మొదటిది సంచి కోసం, రెండోది పిల్ల కోసం. అడుగున కొంచెం పొడి ఇప్పటికీ వస్తుంది. దుకాణదారుకు ఆ సంగతి ముందే చెప్పి ఇస్తున్నాను.

ఇవన్నీ తెలియకపోవడం తెలివితక్కువతనమే, కానీ తెలుసుకుంటే పోయేది. నన్ను ఎక్కువ బాధించేది వేరే ఉంది. నిలకడకూ గట్టిదనానికీ తేడా చెప్పిన అధికారి మాట నేను వెంటనే విన్నాను. అంతకుముందే ఆ అవ్వ అదే సంగతి చెప్పింది, గుళికలు నేల మీద వేసి మరీ చూపించింది. ఆమె మాట నా చెవికెక్కలేదు. ఆమె చదువుకోలేదు, పేదది, ఎరుకల మనిషి. పందుల గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదని ఒప్పుకోవడానికి నా మనసు సిద్ధంగా లేదు. తరాల నుంచి పందులతో బతికిన మనిషి కన్నా, నిన్న మొన్న మిషన్ కొన్న నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. గుళికలు నానబెట్టడాన్ని చేతకానితనం అనుకున్నాను. నిజానికి నా దాణాలోని లోపాన్ని ఆమె తన కష్టంతో, తన నీళ్ళతో, తన నష్టంతో సరిచేస్తోంది. పారబోసిన దాణా డబ్బు ఆమెదే, చిక్కిన పిల్లల బరువు ఆమె నష్టమే. తర్వాత వెళ్ళి క్షమించమని అడిగాను, పాత బాకీ వదిలేశాను. దాంతో ఆ ఈత పిల్లలు పోగొట్టుకున్న ఎదుగుదల తిరిగి రాదని నాకు తెలుసు. పాలు మరిచే దశలో పడిన బరువు లోటును పంది అమ్మకం దాకా మోస్తుంది.

రాయితీతోనో అప్పుతోనో మిషన్ కొనబోతున్న తమ్ముళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. డబ్బిచ్చేది దుకాణదారు, తినేది పిల్ల, మధ్యలో ఉన్నది సాకే మనిషి. ముగ్గురిలో దుకాణదారు మాట మనకు తొందరగా వినిపిస్తుంది, ఎందుకంటే రేటు అతని చేతిలో ఉంటుంది. నేను అతని మాటే విని దాణా చేశాను. డై కొనేటప్పుడు రంధ్రం ఎంత అనడంతో పాటు మందం ఎంత అని కూడా అడగండి. కొత్త విడత తీసిన ప్రతిసారీ ఒక సంచి ఏదైనా దొడ్డికి స్వయంగా తీసుకెళ్ళి, పిల్లలు తింటున్నంతసేపూ నిలబడి చూడండి, సాకే మనిషి చెప్పేది అడ్డు తగలకుండా వినండి. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. పిల్లలు వదిలేస్తే నీళ్ళనో, జబ్బునో, పెంచేవాళ్ళనో అనను. తప్పు నా దాణాలో ఉందన్న చోటి నుంచే వెతకడం మొదలుపెడతాను.